సొంత సీటు లేని ప్రధాని
కాంగ్రెస్ అధ్యక్షుడు మల్లికార్జున ఖర్గే గారికి బహిరంగ లేఖ



2024 డిసెంబరు చివర్లో మీరు ప్రధానమంత్రికి ఒక ఉత్తరం రాశారు. మన్మోహన్ సింగ్ గారి అంత్యక్రియలు ఆయనకు స్మారకం కట్టడానికి వీలున్న చోటే జరిపించాలని అందులో కోరారు. అడగాల్సిన మాటే అడిగారు. డిసెంబరు 28న ఆయన పార్థివ దేహాన్ని 24 అక్బర్ రోడ్డులోని పార్టీ కార్యాలయంలోకి తీసుకొచ్చి, కార్యకర్తలు కడసారి చూసుకునేందుకు ఉంచారు. అదీ చేయాల్సిన పనే. అయితే టీవీలో ఆ గేటును చూస్తున్న తెలుగువాళ్లకు ఇరవై ఏళ్ల కిందటి డిసెంబరు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 2004 డిసెంబరు 23న పీవీ నరసింహారావు గారు ఎయిమ్స్‌లో కన్నుమూశారు. మర్నాడు ఆయన భౌతికకాయం ఉన్న వాహనం అదే గేటు ముందు ఆగింది. గేటు తెరుచుకోలేదు. నాయకులే బయటికి వచ్చి పూలు పెట్టి వెళ్లారు. అక్కణ్నుంచి విమానాశ్రయం, విమానంలో హైదరాబాదు, హుస్సేన్ సాగర్ గట్టున చితి. ఐదేళ్లు ప్రధానిగా, ఆ ఐదేళ్లూ మీరు ఇప్పుడు కూర్చున్న కుర్చీలోనే పార్టీ అధ్యక్షుడిగా ఉన్న మనిషి ఆయన.

ఆ గేటు ఎవరు మూయించారు, ఎందుకు మూయించారు అన్న పంచాయితీ పెట్టడానికి కాదు ఈ లేఖ. దాని మీద చాలామంది రాశారు, ఇంకా రాస్తారు. నన్ను తొలిచేది వేరే సంగతి. ఆ పని చేసినందుకు పార్టీకి ఎక్కడా ఒక్క సీటు పోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2004లో 42 లోక్‌సభ స్థానాలకు 29 గెలిచిన కాంగ్రెస్, గేటు మూసిన తర్వాత వచ్చిన 2009 ఎన్నికల్లో 33 గెలిచింది. పీవీని అవమానించారని మేం ఒక్క ఊళ్లో కూడా ఓటు మార్చుకోలేదన్నమాట. ఓటుతో కొట్టలేని వాళ్ల మనిషిని ఏమన్నా చెల్లుతుందని ఢిల్లీకి ముందే తెలుసు.

ఇది మీకే ఎందుకు రాస్తున్నానంటే, ఈ లెక్కంతా మీకు నాకంటే బాగా తెలుసు కాబట్టి. మీరు పుట్టింది బీదర్ జిల్లాలో, అంటే పీవీ పుట్టిన నిజాం రాజ్యంలోనే. 1972 చివర్లో స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అన్నాక జై ఆంధ్ర ఉద్యమం లేచి, 1973 జనవరిలో పీవీ ముఖ్యమంత్రి పదవి పోయింది. ఆ గొడవ చల్లార్చడానికే ఆరు సూత్రాల పథకం, దాని వెంట రాజ్యాంగంలో 371-డి అధికరణం వచ్చాయి. నాలుగు దశాబ్దాల తర్వాత హైదరాబాద్-కర్ణాటక జిల్లాలకు అలాంటి రక్షణే కావాలని పట్టుబట్టి 371-జె సాధించింది మీరు. పుట్టిన నేలను బట్టి మనిషికి ఉద్యోగం ఎలా వస్తుందో, ఎలా పోతుందో మీకు వేరే చెప్పాలా? నాయకుడి పేరు కూడా అలాగే నిలుస్తుంది, అలాగే పోతుంది.

మధ్యలో ఒక చిన్న సంగతి. 2022లో మీరు అధ్యక్షులైనప్పుడు, జగ్జీవన్ రామ్ తర్వాత ఆ పదవికి వచ్చిన రెండో దళిత నాయకుడు మీరేనని కొన్ని పత్రికలు రాశాయి. 1962లోనే కర్నూలు జిల్లా పెదపాడు నుంచి వచ్చిన దామోదరం సంజీవయ్య ఆ కుర్చీలో కూర్చున్నారు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి కూడా ఆయనే. పార్టీ చరిత్రలో ఉన్న పేరు పార్టీ వార్తల్లో నుంచి అంత సులువుగా జారిపోయింది. ఎందుకంటారు? బిహార్‌లో బాబూజీ జగ్జీవన్ రామ్ పేరు ఎత్తితే ఇవాళ్టికీ నాలుగు ఓట్లు కదులుతాయి. సంజీవయ్య పేరు ఎత్తితే ఢిల్లీలో ఎవరికీ ఏమీ కదలదు.

ఇక పీవీ ఎన్నికల ప్రయాణం చూడండి. 1957 నుంచి వరసగా నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యే. 1977, 1980ల్లో హనుమకొండ ఎంపీ. 1984లో ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్ గాలి. 400 దాటిన ఆ ప్రభంజనంలో బీజేపీ గెలిచింది రెండే సీట్లు. అందులో ఒకటి మా హనుమకొండ. కేంద్ర హోంమంత్రిగా ఉన్న పీవీ చందుపట్ల జంగారెడ్డి చేతిలో 50 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఎన్టీఆర్ గాలి, టీడీపీ పొత్తు పెద్ద కారణాలే. కానీ ఇంటి మనిషి ఢిల్లీ మనిషి అయిపోయాడన్న కినుక కూడా మా జిల్లాలో తక్కువేం కాదు. పెద్ద నాయకుణ్ని దించితేనే మన మాట వినిపిస్తుందనుకునే ఊళ్లు మావి. అదృష్టం కొద్దీ ఆయన అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా పోటీ చేశారు. నాగపూర్‌లో లా చదివిన మనిషి, మరాఠీ నవలను తెలుగులోకి తెచ్చిన మనిషి. అక్కడ పరాయివాడు కాలేదు. 1984లోనూ 1989లోనూ రాంటెక్ గెలిపించింది. ఆ హనుమకొండ లోక్‌సభ స్థానమేమో 2008 పునర్విభజనలో ఎగిరిపోయింది. ఆయన్ను గెలిపించిన సీటు, ఓడించిన సీటు ఇప్పుడు మ్యాపులోనే లేదు.

1991లో ఆయన పోటీయే చేయలేదు. సామాన్లు సర్దుకుని హైదరాబాదుకు వచ్చేసే ఆలోచనలో ఉండగా శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పీవీ ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో పార్లమెంటులోకి రావాలి. వెతికిన సీటు నంద్యాల.

నంద్యాల దగ్గర కాసేపు ఆగుతాను. 1977లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాలే. జనతా పార్టీ తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. అక్కణ్నుంచి స్పీకరు, ఆ వెంటనే పోటీ లేకుండా రాష్ట్రపతి. పద్నాలుగేళ్ల తర్వాత అదే నంద్యాల, 1972లో ముఖ్యమంత్రిగా పీవీ ఉండకూడదని జెండాలు పట్టిన సీమ నేల, ఆయన్ను 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిపించింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. తెలుగువాడు ప్రధాని అయ్యాడంటూ ఎన్టీఆర్ టీడీపీ అభ్యర్థినే నిలపలేదు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డా అది నామమాత్రపు పోటీ. తెలుగు ఆత్మగౌరవం కాంగ్రెస్ మీదే పుట్టిందని మరిచిపోకండి. 1982లో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు జరిగిన అవమానం ఎన్టీఆర్‌కు పార్టీ పెట్టడానికి నినాదమైంది. ఆ నినాదంతో గెలిచిన మనిషే ఒక కాంగ్రెస్ ప్రధానికి దారి ఇచ్చాడు.

కానీ ఆ గౌరవం ఎన్నాళ్లుంది? 1994 శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి, తెలుగు ప్రధాని ఢిల్లీలో ఉండగానే, 294 స్థానాలకు కాంగ్రెస్‌కు దక్కినవి 26. రెండేళ్లకు లోక్‌సభలో 42కు 22 వచ్చినా అది టీడీపీ చీలిక పుణ్యమన్న మాటే ఎక్కువ వినిపించింది. తెలుగుబిడ్డ అన్న మాట మాకు ఒక ఉప ఎన్నికకు సరిపోయింది, అంతకు మించి పనికిరాలేదు. 1996లో ఆయన నంద్యాలతో పాటు ఒడిశాలోని బరంపురంలో కూడా నిలబడి రెండూ గెలిచారు. నంద్యాల వదులుకుని బరంపురం ఉంచుకున్నారు. తెలుగు వినిపించే ఊరే అది. వి.వి.గిరి పుట్టిన ఊరు. (1969లో రాష్ట్రపతి ఎన్నికలో గిరి, సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువాళ్లే తలపడ్డారు. ఆ కొట్లాటలో తెలుగు అన్న మాటే లేదు. ఇందిరకూ పార్టీ పెద్దల సిండికేట్‌కూ మధ్య జరిగిన పోరు అది. మనవాళ్లు నిలబడ్డారు, ఆడించింది వేరేవాళ్లు.) 1998లో పార్టీ ఆయనకు టికెట్టే ఇవ్వలేదు. మాజీ ప్రధాని టికెట్టు లేని మనిషిగా మిగిలారు.

మంథని, హనుమకొండ, రాంటెక్, నంద్యాల, బరంపురం. మూడు రాష్ట్రాలు తిరిగారు. ఆయన హిందీ అలహాబాదు పండితులు మెచ్చుకునే హిందీ. విశ్వనాథ వేయిపడగలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చిన మనిషి. అయినా హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఒక్కసారి కూడా లోక్‌సభకు నిలబడలేదు. ఎన్నికల్లో ఆయన బతుకంతా అద్దె ఇళ్ల కాపురం. అద్దె ఇంట్లో ఎన్నేళ్లున్నా గుమ్మం మీద పేరు మనది కాదు.

ఇప్పుడు చరణ్ సింగ్ గారిని తీసుకోండి. ప్రధానిగా ఆరు నెలలు కూడా లేరు. ప్రధానిగా లోక్‌సభను ఎదుర్కోనే లేదు. యమున ఒడ్డున కిసాన్ ఘాట్ ఉంది. లక్నో విమానాశ్రయానికి ఆయన పేరు. 2024 ఫిబ్రవరి 9న పీవీకీ ఆయనకూ ఒకే రోజు భారతరత్న ప్రకటించారు. ఆయన మనవడి పార్టీ బీజేపీ వైపు వస్తున్న రోజులవి. బాగ్‌పత్, ముజఫర్‌నగర్ జాట్ రైతులు చౌధరీ సాబ్‌ను ఎవరైనా తక్కువ చేస్తే ఓటుతో జవాబు చెప్తారని అన్ని పార్టీలకూ తెలుసు. ఆయన పేరును కాపాడేది ఆ భయమే. ఘాట్ దాని గుర్తు మాత్రమే.

అయితే పుట్టిన రాష్ట్రం ఒక్కటే చాలదు. వి.పి.సింగ్ ఉత్తరప్రదేశ్ మనిషే, ఫతేపూర్ ఎంపీ, ప్రధాని. కాంగ్రెస్ వదిలేసింది, సొంత కులం మండల్ కోపంతో దూరమైంది, లాభపడ్డ వెనుకబడిన కులాలకు అప్పటికే సొంత నాయకులున్నారు. ఢిల్లీలో ఆయనకు ఘాట్ లేదు. ఆయన విగ్రహం ఎక్కడ వెలిసిందో మీకు తెలుసు. 2023 నవంబరులో చెన్నైలో, స్టాలిన్ గారి చేతుల మీదుగా. మండల్ పేరు చెప్తే ఓట్లు పడే నేల అది. ఢిల్లీలో ఇద్దరు ప్రధానులను నిలబెట్టిన కామరాజ్, 1967లో విరుదునగర్‌లో ఒక విద్యార్థి నాయకుడి చేతిలో ఓడారు. ఇవాళ ఆయన్ను కాదనే పార్టీ తమిళనాడులో లేదు. దేవెగౌడ గారికి హాసన్ ఉంది, కుటుంబ పార్టీ ఉంది.

పీవీ సంగతిలోనూ అదే రుజువైంది. 2014లో తెలంగాణ వచ్చేదాకా ఆయన ఎవరికీ అక్కరకు రాలేదు. కొత్త రాష్ట్రానికి తనదైన పెద్దమనుషుల వరస కావలసి వచ్చింది. 2020లో శతజయంతి ఉత్సవాలు, భారతరత్న ఇవ్వాలని శాసనసభ తీర్మానం, 2021లో నెక్లెస్ రోడ్డుకు పీవీ మార్గ్ పేరు, కుమార్తె వాణీదేవి టీఆర్ఎస్ తరఫున ఎమ్మెల్సీ. సరిగ్గా అప్పుడే, 2020లో, సోనియా గాంధీ గారు తెలంగాణ కాంగ్రెస్‌కు పీవీని ప్రశంసిస్తూ సందేశం పంపారు. పదహారేళ్లు మౌనంగా ఉన్న పార్టీకి మాట వచ్చింది. 2024లో లోక్‌సభ ఎన్నికల ముందర బీజేపీ ప్రభుత్వం భారతరత్న ఇచ్చింది. ఇందులో ఎవరి ప్రేమ ఎంతో నేను కొలవలేను. కానీ ఓట్ల బజారు తెరిచాకే బేరం మొదలైందని మాత్రం నాకు కనిపిస్తోంది.

ఒక అభ్యంతరం మీ మనసులో ఉంటుంది. 1992 డిసెంబరు 6. బాబ్రీ మసీదు కూలుతుంటే ప్రధానిగా ఉన్నది పీవీ. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కులను చంపుతుంటే హోంమంత్రి ఆయనే. అవిశ్వాస తీర్మానంలో జేఎంఎం ఎంపీల ఓట్ల వ్యవహారం ఉంది. నేను ఏదీ కొట్టివేయను. బాబ్రీ సంగతిలో ఆయన్ను వెనకేసుకొచ్చే వాళ్లంటే నాకు విసుగు కూడా. కానీ లెక్క రాసిన తీరు చూడండి. 1991 జులై 24న బడ్జెట్ చదివింది మన్మోహన్ సింగ్. అదే రోజు వచ్చిన కొత్త పారిశ్రామిక విధానం, లైసెన్సుల రాజ్యాన్ని నిజంగా విరగ్గొట్టిన కాగితం, ప్రధాని తన చేతుల్లోనే ఉంచుకున్న పరిశ్రమల శాఖది. పార్టీ పుస్తకంలో జమ మన్మోహన్‌కూ రాజీవ్‌కూ పోయింది, ఖర్చు అంతా పీవీ పేర పడింది. 1984 ఢిల్లీకి ఆయన ఒక్కడే బాధ్యుడా? ఆ రోజు ప్రధాని పేరే ఇవాళ మా శంషాబాద్ విమానాశ్రయానికి ఉంది. తప్పులు ఉన్నవాళ్లందరినీ పార్టీ బయట పెట్టలేదు. వెనక సీటు లేని వాణ్ని పెట్టింది.

ఇక అసలు విషయం. ఉత్తరాది నాయకులకు కష్టం వచ్చినప్పుడు దక్షిణాది ఇల్లిచ్చింది. 1978లో ఇందిర గారికి మీ చిక్కమగళూరు, 1980లో మా మెదక్. ఆ ఏడాది రాయ్‌బరేలీలో కూడా గెలిచి, రాయ్‌బరేలీని వదిలి మెదక్‌ను ఉంచుకున్నారు. మెదక్ ఎంపీగానే కన్నుమూశారు. 1999లో సోనియా గారికి బళ్లారి, 2019లో అమేఠీ ఓడించిన రాహుల్ గారికి వయనాడ్. 2024లో రాహుల్ గారు రెండూ గెలిచి రాయ్‌బరేలీ ఉంచుకున్నారు, వయనాడ్‌ను చెల్లెలికి ఇచ్చారు. అమ్మమ్మలూ తాతయ్యలూ వరసగా ఓట్లేశారు, భాష రాదని ఎవరినీ వెనక్కి పంపలేదు.

మరి అటు నుంచి ఇటు ఉన్నంత దారి, ఇటు నుంచి అటు ఉందా? 1980లో కేరళకు చెందిన సి.ఎం.స్టీఫెన్‌ను న్యూఢిల్లీలో వాజపేయి మీద నిలబెట్టారు. ఓడిపోయారు. ఆయన్ను లోక్‌సభకు పంపడానికి వెతికిన సీటు ఏది? మీ గుల్బర్గా. ధరమ్ సింగ్ గారు రాజీనామా చేసి దారి ఇచ్చారు. దక్షిణాది మనిషి ఉత్తరాన ఓడితే మళ్లీ దక్షిణాదే సర్దుకోవాలి. మిగతావాళ్లకు రాజ్యసభ. రాజస్థాన్ నుంచో, మరోచోటి నుంచో. పెద్దల సభకు పంపేది ఎమ్మెల్యేలు, జనం కాదు. మన్మోహన్ గారు పదేళ్లు ప్రధానిగా ఉన్నది అస్సాం రాజ్యసభ సభ్యుడిగా. 1999లో దక్షిణ ఢిల్లీలో ఓడాక ఆయన మళ్లీ జనం ముందు నిలబడలేదు. ఆయన స్మారకానికి మీరు ఉత్తరం రాయాల్సి రావడంలో దాని పాత్ర లేదంటారా?

ఉత్తరాది ఓటరు దక్షిణాది మనిషిని ఒప్పుకోడని అనకండి. మంగళూరులో పుట్టిన జార్జి ఫెర్నాండెజ్‌ను 1977లో ఆయన జైల్లో ఉండగానే బిహార్‌లోని ముజఫర్‌పూర్ గెలిపించింది. తర్వాత నలంద గెలిపించింది. మా రాజమండ్రి జయప్రదను రాంపూర్ 2004లో, 2009లో ఎంపీని చేసింది. సినిమా గ్లామర్ అంటారేమో. ఆజం ఖాన్ అడ్డాలో గ్లామర్ ఒక్కటే చాలదు. ఓటరు ఒప్పుకున్నాడు. పెద్ద పార్టీలు సీటు ఇవ్వలేదు, అంతే.

మీ సొంత సంగతే చూడండి. తెలంగాణ సరిహద్దున ఉన్న గుర్మిట్కల్ మిమ్మల్ని ఎనిమిదిసార్లు గెలిపించింది. 'సోలిల్లద సరదార' అన్నారు మిమ్మల్ని, ఓటమి ఎరుగని నాయకుడని. 2019లో గుల్బర్గా ఓడించింది. 2023 డిసెంబరులో ఇండియా కూటమి సమావేశంలో మమతా బెనర్జీ గారు ప్రధాని అభ్యర్థిగా మీ పేరు చెప్పారు. ముందు గెలుద్దాం, తర్వాత చూద్దాం అని మీరు సర్దేశారు. 2024లో మీరు లోక్‌సభకు నిలబడలేదు. 80 సీట్ల ఉత్తరప్రదేశ్‌లో మీ పేరున ఒక్క సీటు పెట్టాలని ఎవరికైనా తట్టిందా? ప్రధాని కావడానికి రాష్ట్రం అడ్డు కాదని నిరూపించింది వడ్‌నగర్ నుంచి వచ్చి వారణాసిలో నిలబడ్డ మోదీ గారు. ఆ పాఠం మీ పార్టీలో ఎవరూ చదివినట్టు లేదు. 1971 జనగణన లెక్కన ఆగిపోయిన సీట్లను మళ్లీ పంచిన రోజు ఉత్తరానికి మరిన్ని పోతాయి. అప్పుడు దక్షిణాది నాయకుడికి అక్కడ నిలబడడం ఇంకా అవసరం, ఇంకా కష్టం.

నా విన్నపం ఒక్కటే. వచ్చే లోక్‌సభ ఎన్నికలకు కేంద్ర ఎన్నికల కమిటీలో మీరు కూర్చున్నప్పుడు, తెలుగు, కన్నడ, తమిళ, మలయాళ నేలల నుంచి వచ్చిన ఒకరికి హిందీ రాష్ట్రంలో పార్టీ గెలవగల సీటు ఒకటి ఇవ్వండి. ఓడిపోయేదని తెలిసిన సీటు వద్దు, రాజ్యసభ వద్దు. నామినేషన్ వేయడానికి ఏడాది ముందే ఆ ఊళ్లో ఇల్లు తీసుకుని ఉండమనండి. ఓడితే అక్కడే మరో ఐదేళ్లు ఉండమనండి. గెలిచినా రెండో సీటు పేరుతో హైదరాబాదుకో బెంగళూరుకో తిరిగి రావద్దనండి. అమేఠీ, రాయ్‌బరేలీ అడగను. ఆ మనిషి ఎవరన్నది మీ ఇష్టం. కాంగ్రెస్ అధ్యక్షుడిగా మీకున్న ఆ అధికారాన్ని పీవీ తన కోసం కూడా వాడుకోలేదు.

జాబితా వచ్చిన రోజు చూస్తాను.

ఇట్లు,
వరంగల్ లోక్‌సభ నియోజకవర్గ ఓటరు,
హనుమకొండ